పిత్తాశయములో రాళ్లు: ఎందుకు పుడతాయి? మనము ఏమి చేయవలెను?



కడుపునొప్పితో పట్టణానికి వెళ్లి స్కానింగు చేయించుకొని వచ్చినవారి కాగితాలలో ఈ రోజులలో తరచుగా కనబడే మాట ఒకటున్నది. అది "గాల్ బ్లాడర్ స్టోన్స్". ఆ కాగితము ఇంటికి చేరగానే చూడవచ్చినవారు తలా ఒక కారణము చెబుతారు. "బియ్యములో రాళ్లు సరిగా ఏరకుండా వండితే ఇట్లాగే అవుతుంది" అని ఒకరు. "టమాట గింజలు, వంకాయ గింజలు లోపల పేరుకుపోయాయి" అని ఇంకొకరు. "ఆ బోరు నీళ్లు తాగితే రాళ్లు పడవా మరి?" అని మరొకరు. కారణముతోపాటు మందు కూడా చెప్పి పోతారు. అరటి బోదె రసము, కొండపిండి ఆకు, ఉలవకట్టు, ఏదో ఊరిలో ఇచ్చే పసరు.

ఇవన్నీ ప్రేమతో చెప్పిన మాటలే. అయితే కారణము తప్పుగా తెలిస్తే వైద్యము కూడా తప్పు దారిలో పోతుంది. అట్లా తప్పు దారిలో పోయిన రోజులు కొన్నిసార్లు ప్రాణము మీదికి తెస్తాయి. గనుక ఈ నెల మన ఆరోగ్య పుటలో, ఈ రాళ్లు నిజముగా ఎట్లా పుడతాయో, ఎవరిలో ఎక్కువగా పుడతాయో, ఎప్పుడు ఊరకుండవచ్చో, ఎప్పుడు ఒక్క పూట కూడా ఆలస్యము చేయకూడదో వివరముగా చూద్దాము.

చేదు సంచి చేసే పని

కోడిని కోసి బాగుచేసేటప్పుడు మన ఇండ్లలోని తల్లులు ఒక విషయములో ఎంతో జాగ్రత్త పడతారు. కార్జమును అంటిపెట్టుకొని ముదురు ఆకుపచ్చ రంగులో ఒక చిన్న సంచి ఉంటుంది. అది చిట్లితే కూరంతా చేదే. ఆ చేదు సంచియే పిత్తాశయము. మనిషిలో కూడా అది అదే చోట, అనగా కుడివైపు పక్కటెముకల క్రింద, కాలేయమునకు అడుగు భాగములో ఉంటుంది. చిన్న జామకాయ ఆకారములో, 7 నుండి 10 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. దానిలో 30 నుండి 50 మిల్లీలీటర్ల రసము పడుతుంది.

ఆ రసమును తయారుచేసేది పిత్తాశయము కాదు, కాలేయము. కాలేయము రోజుకు సుమారు అర లీటరు నుండి లీటరు వరకు పిత్తరసమును తయారుచేస్తుంది. పిత్తాశయము దానిని నిలువచేసి, అందులోని నీటిని పీల్చివేసి, 5 నుండి 10 రెట్లు చిక్కబరుస్తుంది. మనము నెయ్యి, నూనె, మాంసము వంటివి తిన్నప్పుడు చిన్న ప్రేగు నుండి ఒక సంకేత రసాయనము రక్తములోనికి వెళ్లి, పిత్తాశయమును పిండుతుంది. అమెరికాలో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1928లో ఈ రసాయనమును కనుగొన్నారు. పిండగానే చిక్కని రసము సన్నని గొట్టము గుండా ప్రేగులోనికి దిగి, తిన్న కొవ్వును జీర్ణము చేయడానికి సహాయపడుతుంది.

అనగా ఈ సంచి ఒక చిన్న తొట్టి వంటిది. నిండడము, చిక్కబడడము, తిన్నప్పుడెల్లా ఖాళీ అవడము దాని దినచర్య. ఈ దినచర్య తప్పినచోట రాయి పుడుతుంది.

పటికబెల్లము పాఠము

రసములో రాయి ఎట్లా పుడుతుంది? దీనికి మన వంటింటిలోనే మంచి పోలిక ఉన్నది. పటికబెల్లము ఎట్లా చేస్తారో కొందరు చూచే ఉంటారు. పంచదారను నీటిలో వేసి చిక్కని పాకము కడతారు. అందులో దారాలు వ్రేలాడదీస్తారు. తర్వాత దానిని కదపకుండా కొన్ని రోజులు ఉంచుతారు. నీటిలో ఇక కరగి ఉండలేని పంచదార దారమును పట్టుకొని పలుకులుగా పేరుకుంటుంది. ఇక్కడ మూడు సంగతులు కలిసివచ్చాయి. పాకము మోతాదుకు మించి చిక్కగా ఉండడము, పట్టుకోవడానికి ఒక దారము ఉండడము, కదలిక లేకపోవడము. పిత్తాశయములో రాయి పుట్టడానికి కూడా సరిగ్గా ఈ మూడే కారణాలు.

మొదటిది, రసములో కొలెస్టరాల్ మోతాదు మించడము. కొలెస్టరాల్ నూనె వంటిది. నీటిలో కలవదు. అయినను పిత్తరసములో కరగి ఉన్నదంటే అందులోని పిత్త లవణాలు, లెసిథిన్ అనే పదార్థము దానిని పట్టి ఉంచడమే కారణము. తలకు పట్టిన నూనెను కుంకుడు రసము నీటిలో కలిపివేస్తుంది గదా, అట్టి పనే ఇది. కుంకుళ్లు తక్కువై నూనె ఎక్కువైతే జిడ్డు మిగిలిపోతుంది. అట్లాగే ఈ లవణాలు తక్కువైనా, కొలెస్టరాల్ ఎక్కువైనా అది కరగకుండా మిగిలి, కంటికి కనబడని పలుకులుగా మారుతుంది. ఈ మూడు పదార్థాలు ఏ పాళ్లలో ఉంటే కొలెస్టరాల్ కరగి ఉంటుందో, ఏ పాళ్లలో విడిపోతుందో 1968లో అమెరికాలో అడ్మిరాండ్, స్మాల్ అనే వైద్యులు లెక్కగట్టి చూపించారు.

రెండవది, పట్టుకొమ్మ. పిత్తాశయపు లోపలి పొర జిగురు వంటి పదార్థమును విడుదల చేస్తుంది. ఆ జిగురు పటికబెల్లపు దారము వలె పలుకులను పట్టి ఉంచుతుంది. మొదట బురద వలె ఏర్పడి, ఆ తర్వాత ఇసుకగాను, గులకరాళ్లుగాను మారుతుంది. స్కానింగు రిపోర్టులో "స్లడ్జ్" అని వ్రాసేది ఈ బురదనే.

మూడవది, కదలిక లేకపోవడము. సంచి సరిగా పిండుకోకపోతే పలుకులు బయటకు కొట్టుకొనిపోవు. లోపలనే ఉండి పెరుగుతాయి. రాయి సాధారణముగా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. కాబట్టి నేడు స్కానింగులో కనబడిన సెంటీమీటరు రాయి నిన్న తిన్న కూర వలన వచ్చినది కాదు, అది ఎన్నో ఏండ్ల క్రిందటనే మొదలైనది.

ఒక విశేషము చెప్పవలెను. కొలెస్టరాల్ అనే పదార్థమును మానవుడు మొదట చూచినదే ఈ రాళ్లలో. దానికి 1815లో పేరు పెట్టినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రాల్. గ్రీకు భాషలో పిత్తమునకు, గట్టి పదార్థమునకు ఉన్న రెండు మాటలను కలిపి ఆ పేరు చేశాడు. నేడు గుండెజబ్బుల విషయములో అందరి నోట వినబడే మాటకు పుట్టినిల్లు ఈ చేదు సంచియే.

రాళ్లన్నీ ఒకటి కావు

పసుపు, లేత రంగులో ఉండేవి కొలెస్టరాల్ రాళ్లు. పైన చెప్పినది వాటి కథ.

నల్లని రాళ్లు వేరు. మన రక్తములోని ఎర్రకణాలు వయసు తీరి చితికిపోయినప్పుడు బిలిరూబిన్ అనే పసుపు పదార్థము వస్తుంది. కాలేయము దానిని పిత్తరసములోనికి పంపుతుంది. ఎర్రకణాలు మామూలుకంటె త్వరగా చితికిపోయే జబ్బులున్నవారిలో ఈ పదార్థము ఎక్కువై, సున్నపు అంశముతో కలిసి నల్లని రాళ్లుగా మారుతుంది. సికిల్ సెల్ జబ్బు, తలసీమియా అట్టివి. ఆదిలాబాదు నుండి పాడేరు వరకు మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ జబ్బు ఉన్నది. ఆ జబ్బును అదుపు చేయడానికి కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రత్యేక కార్యక్రమము ప్రారంభించింది. ఆ కుటుంబాలలో పదేండ్ల పిల్లవానికి పిత్తాశయములో రాళ్లున్నాయంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అయితే రాయితోపాటు రక్తపరీక్ష కూడా తప్పక చేయించవలెను. సారా అలవాటు వలన, మరి ఏ ఇతర కారణము వలననైనా కాలేయము గట్టిపడిపోయిన వారిలోను నల్లరాళ్లు ఎక్కువ.

గోధుమరంగు రాళ్లు మూడవ రకము. ఇవి ఎక్కువగా పిత్తనాళములో, అనగా రసము ప్రవహించే గొట్టములో పుడతాయి. సూక్ష్మక్రిములు చేరడము దీనికి కారణము. ప్రేగులలోని ఏలికపాములు ఒక్కొక్కసారి ఆ గొట్టములోనికి ప్రాకిపోతాయి. అవి అక్కడ చనిపోతే వాటి ముక్కలు, గ్రుడ్లు పట్టుకొమ్మలై వాటి చుట్టూ రాయి కడుతుంది. బడులలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్రను చిన్నదని తీసిపారవేయకూడదు.

మన దేశములో ఉత్తరాదివారికి ఈ రాళ్లు ఎక్కువ, దక్షిణాదివారికి తక్కువ. రైల్వే ఉద్యోగులను పరిశీలించి మల్హోత్రా అనే వైద్యుడు 1968లో ప్రచురించిన లెక్క ప్రకారము ఉత్తరాదిలో ఏడు రెట్లు ఎక్కువగా కనబడినవి. ఉత్తరాదిలో కొలెస్టరాల్ రాళ్లు ఎక్కువ. దక్షిణాదిలో నల్లరాళ్ల పాలు ఎక్కువ. రాయి అనేది ఒకే పేరైనా, ఇంటింటికి దాని పుట్టుక వేరుగా ఉండవచ్చునని దీనివలన తెలుస్తుంది.

ఎవరికి ఎక్కువగా వస్తాయి?

పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. ఇందులో స్త్రీ చేసిన తప్పేమియు లేదు. స్త్రీ శరీరములోని ఈస్ట్రోజన్ అనే హార్మోను పిత్తరసములో కొలెస్టరాల్‌ను పెంచుతుంది. గర్భముతో ఉన్నప్పుడు ప్రొజెస్టరోన్ అనే మరొక హార్మోను పిత్తాశయపు కదలికను మందగింపజేస్తుంది. పాకము చిక్కబడి, కదలిక కూడా తగ్గితే ఏమవుతుందో పైన చూచాము. అందువలన కాన్పులు ఎక్కువైనకొలది రాళ్ల అవకాశము పెరుగుతుంది. గర్భములో ఏర్పడిన బురద చాలామందిలో కాన్పు తర్వాత దానంతట అదే పోతుంది. కొందరిలో మాత్రము మిగిలి రాయి అవుతుంది. కాన్పు అయిన కొన్ని నెలలకు పచ్చి బాలింతకు వచ్చే పైకడుపు నొప్పిని "పథ్యము తప్పింది" అని త్రోసివేయకుండా ఒకసారి స్కానింగు చేయించడము మంచిది.

వయసు పెరిగినకొలది, బరువు పెరిగినకొలది అవకాశము పెరుగుతుంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి ఎక్కువ. తల్లికి, అక్కచెల్లెండ్రకు ఉంటే మనకు వచ్చే అవకాశమున్నది. వంశపారంపర్యము ఎంత బలమైనదో అమెరికాలోని అరిజోనా రాష్ట్రపు పీమా జాతివారిని చూస్తే తెలుస్తుంది. 1970లో అక్కడ పరీక్షించగా 25 నుండి 34 ఏండ్ల వయసుగల స్త్రీలలో నూటికి 70 మందికి పైగా రాళ్లున్నాయి.

కొన్ని మందుల వలన కూడా రావచ్చు. సెఫ్‌ట్రయాక్సోన్ అనే ఇంజెక్షను ఎక్కువ రోజులు పొందిన పిల్లలలో బురద కనబడుతుంది. మందు ఆపిన తర్వాత అది సాధారణముగా కరిగిపోతుంది. గనుక అటువంటి రిపోర్టు చూచి పసిబిడ్డకు ఆపరేషను అని భయపడనవసరము లేదు.

ఉపవాసము గూర్చి ఒక మాట

మన కుటుంబాలలో ఉపవాసమున్నది గనుక ఇది చెప్పక తప్పదు. పిత్తాశయము ఖాళీ కావలెనంటే మనము తినవలెను. తినకపోతే రసము లోపలనే నిలిచి చిక్కబడుతుంది. నోటిద్వారా ఏమియు తినలేక నరము ద్వారానే ఆహారము పొందే రోగులను 1983లో ఫ్రాన్సు వైద్యులు పరిశీలించారు. ఆరు వారాలు దాటిన వారందరిలోను పిత్తాశయములో బురద కనబడింది.

దీనినిబట్టి ఒక పూట ఉపవాసము, ఒక దినము ఉపవాసము ఆరోగ్యవంతులకు హాని అని చెప్పడము లేదు. ఆ మరుసటి భోజనముతో సంచి మరల ఖాళీ అవుతుంది. 21 దినాలు, 40 దినాలు ఏమియు తినకుండా, లేక పండ్లరసముతోనే గడిపేవారి సంగతి వేరు. అట్టివారిలో రెండు ప్రమాదాలు కలిసివస్తాయి. సంచి కదలదు, బరువు వేగముగా తగ్గుతుంది. వేగముగా బరువు తగ్గేటప్పుడు ఒంటిలోని కొవ్వు కరిగి, కాలేయము ఎక్కువ కొలెస్టరాల్‌ను పిత్తరసములోనికి పంపుతుంది. వారానికి కిలోన్నరకంటె ఎక్కువ తగ్గడము ఈ విషయములో మంచిది కాదు. ఇదివరకే రాళ్లున్నవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు, గర్భిణీలు, బాలింతలు దీర్ఘ ఉపవాసమునకు పూనుకొనకముందే వైద్యుని అడగవలెను. అట్టివారు సాయంకాలము మామూలు భోజనము చేస్తూ ప్రార్థనలో గడిపితే ఎవరును తక్కువగా చూడకూడదు. సంఘ పెద్దలు ఈ మాట ముందుగానే పదిమందిలో చెబితే, రోగము దాచుకొని ఉపవాసముండే తల్లులకు ఎంతో మేలవుతుంది.

రాయి, రాయి ఒకటి కాదు

కిడ్నీలో రాళ్లు వేరు, పిత్తాశయములో రాళ్లు వేరు. మనము తాగిన నీరు రక్తములో కలిసి, కిడ్నీలలో వడపోయబడి, మూత్రముగా బయటకు పోతుంది. అందువలన కిడ్నీ రాళ్లున్నవారికి నీరు బాగా తాగుమని డాక్టర్లు చెబుతారు. అరటి బోదె రసము, కొండపిండి ఆకు మన పెద్దలు వాడినది ఆ మూత్రపు రాళ్లకే. పిత్తాశయము మూత్రపు దారిలో లేదు. బిందెడు నీళ్లు తాగినా అక్కడి రాయి కదలదు. అట్లాగే బియ్యములోని రాయి, టమాట గింజ ప్రేగుల దారిన విరేచనములో పోతాయే గాని పిత్తాశయములోనికి వెళ్లవు. బోరు నీటిలోని ఉప్పు వలన ఈ రాళ్లు పుట్టవు.

ఆలివ్ నూనె, నిమ్మరసము కలిపి రాత్రి తాగితే ఉదయానికి ఆకుపచ్చని ఉండలు విరేచనములో పడతాయని, అవి రాళ్లేనని కొందరు ప్రచారము చేస్తారు. న్యూజిలాండులో ఒక స్త్రీ అట్లా పడిన ఉండలను ఆసుపత్రికి తీసుకొని వచ్చింది. వాటిని పరీక్షించిన వివరము 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. అందులో కొలెస్టరాల్ లేదు. తాగిన నూనె కడుపులో నిమ్మరసముతో కలిసి సబ్బు ఉండ వలె గట్టిపడినదే అది. రాయి లోపల రాయిగానే ఉన్నది.

మరి కరిగించే మందు లేనే లేదా అంటే, ఒకటున్నది. ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లము అనే మాత్ర. అయితే అది చిన్నవైన కొలెస్టరాల్ రాళ్లకే, అదియు పిత్తాశయము సరిగా పనిచేస్తున్నప్పుడే ఉపయోగము. నెలల తరబడి, కొన్నిసార్లు రెండేండ్ల వరకు వాడవలెను. కరిగినవారిలో సగము మందికి అయిదేండ్లలో మరల వస్తాయి. నల్లరాళ్లు దానికి కరుగవు. సంచి ఆ సంచియే, రసము ఆ రసమే గనుక రాయి మరల పుట్టడములో వింత లేదు.

ఎప్పుడు ఊరకుండవచ్చు, ఎప్పుడు ఉండకూడదు?

రాళ్లున్నవారిలో ఎక్కువమందికి, నూటికి సుమారు 80 మందికి, జీవితములో ఎన్నడును నొప్పి రాదు. వేరే కారణమునకు స్కానింగు చేసినప్పుడు బయటపడిన, నొప్పి లేని రాళ్లకు సాధారణముగా ఆపరేషను అవసరము లేదు. రిపోర్టు చూచి భయపడి పొలము తాకట్టు పెట్టవద్దు. అయితే మూడు సెంటీమీటర్లకంటె పెద్ద రాయి ఉన్నను, పిత్తాశయపు గోడలో మార్పులున్నను, సికిల్ సెల్ వంటి జబ్బులున్నను నొప్పి లేకపోయినా తీయించుకొమ్మని డాక్టరు చెప్పవచ్చు. ఆ మాట వినవలెను.

నొప్పి వచ్చిందంటే రాయి సంచి మూతికి అడ్డుపడినదని అర్థము. కడుపు పై భాగములో, లేక కుడి పక్కటెముకల క్రింద, భోజనము చేసిన గంట రెండు గంటలకు, చాలాసార్లు రాత్రివేళ వస్తుంది. కుడి రెక్క ఎముక వైపు పాకుతుంది. అరగంట నుండి కొన్ని గంటలు ఉండి, రాయి వెనుకకు జారగానే తగ్గిపోతుంది. "గ్యాస్ నొప్పి" అని అందరూ అనుకొనేది ఇక్కడే. అప్పుడే వేసుకున్న గ్యాస్ మాత్రకు ఆ పేరు దక్కుతుంది. ఇట్లా వచ్చి పోయే నొప్పి రెండుసార్లు వస్తే పొట్ట స్కానింగు చేయించండి. సంచిలోని రాళ్లు అందులో నూటికి 95 పాళ్లు కనబడతాయి. ఎక్స్‌రేలో చాలావరకు కనబడవు.

ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లవలెను.

నొప్పి ఆరు గంటలు దాటినా తగ్గకపోవడము. నొప్పితోపాటు జ్వరము, చలి వణుకు రావడము. కండ్లు పచ్చబడడము, మూత్రము ముదురు రంగులో, విరేచనము సున్నము రంగులో రావడము. వీపులోనికి పొడుచుకొనిపోయే భరించలేని నొప్పి, ఆగని వాంతులు.

వీటిలో కామెర్ల గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. మన పల్లెలలో కండ్లు పచ్చబడగానే పసరు మందుకు, వాత పెట్టించడానికి తీసుకొనిపోతారు. కామెర్లు ఒకే కారణముతో రావు. కలుషితమైన నీటితో వచ్చే వైరస్ కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కింది. రాయి సంచిలోనుండి జారి పిత్తనాళమునకు అడ్డుపడితే వచ్చే కామెర్లు అట్టివి కావు. అక్కడ అడ్డు తీయవలెను. ఒక్కొక్కసారి రాయి తానే జారి ప్రేగులో పడిపోతుంది. అప్పుడు కూడా పసరే తగ్గించిందంటారు. జారకపోతే నిలిచిన రసములో చీము పట్టి, విషము రక్తములోనికి పాకుతుంది. లేదా ప్రక్కనే ఉన్న క్లోమము వాచిపోతుంది. రెండును ప్రాణాంతకమైనవే. కండ్లు పచ్చబడినవానికి నొప్పి గాని, చలి జ్వరము గాని ఉంటే పసరు కొరకు మూడు రోజులు పథ్యము పట్టించవద్దు. ప్రార్థన చేయండి. ఆటోను పిలిచిన తర్వాత, దారిలో చేయండి.

నాళములో ఇరుక్కున్న రాయిని నోటిగుండా గొట్టము పంపి, నాళపు మూతిని కొద్దిగా కోసి తీసే పద్ధతి 1974 నుండి ఉన్నది. దీనిని ఇ.ఆర్.సి.పి. అంటారు. పొట్ట కోయనక్కరలేదు. మన పెద్ద పట్టణాలలో ఈ వసతి ఉన్నది.

సంచినే ఎందుకు తీస్తారు?

"రాయి తీస్తే చాలదా, సంచిని ఎందుకు తీసివేయాలి?" అని చాలామంది అడుగుతారు. పూర్వము వైద్యులు సంచిని తెరచి రాళ్లు మాత్రమే తీసేవారు. రాళ్లు మరల పుట్టేవి. జర్మనీలోని బెర్లిన్ నగరములో లాజరు పేరిట నడిచిన ఆసుపత్రిలో కార్ల్ లాంగెన్‌బుక్ అనే వైద్యుడు 1882 జూలై 15న మొదటిసారిగా పిత్తాశయమునే తీసివేశాడు. పదహారేండ్లుగా ఆ నొప్పితో బాధపడిన 43 ఏండ్ల మనిషి కోలుకున్నాడు. సంచిలో రాళ్లున్నందున కాదు, సంచి రాళ్లను పుట్టిస్తున్నందున దానిని తీయవలెనని లాంగెన్‌బుక్ వాదము. అది నేటికిని నిలిచి ఉన్నది.

జర్మనీలోనే 1985లో ఎరిక్ మ్యూహె అనే వైద్యుడు చిన్న రంధ్రాల ద్వారా ఈ ఆపరేషను చేశాడు. మన దేశములో 1990లో బొంబాయిలో డాక్టర్ తెహెంటన్ ఉద్వాడియా ఆ పద్ధతిని ప్రారంభించారు. నేడు జిల్లా కేంద్రాలలో కూడా చేస్తున్నారు. రోగి ఒకటి రెండు రోజులలో ఇంటికి వస్తారు. ఖర్చు విషయములో, ప్రభుత్వ ఆరోగ్య పథకము వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

సంచి లేకుండా మనిషి బ్రతుకుతాడా? నిశ్చింతగా బ్రతుకుతాడు. రసము కాలేయములో తయారవుతూనే ఉంటుంది. నిలువ లేకుండా కొంచెము కొంచెముగా నేరుగా ప్రేగులోనికి దిగుతుంది. గుర్రమునకు, పావురమునకు పిత్తాశయమే లేదు. అయినా గుర్రము పరుగెత్తడము లేదా, పావురము ఎగరడము లేదా? కొందరికి మొదటి వారాలలో విరేచనాలు పలుచగా కావచ్చు. నూనెపదార్థాలు కొద్దికొద్దిగా తింటే సర్దుకుంటుంది. పొలము పని, బరువు పని ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పినట్లు చేయవలెను.

మన చేతిలో ఉన్నది

వయసును, స్త్రీ పుట్టుకను, వంశమును మనము మార్చలేము. మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. వేళకు తినండి. ముఖ్యముగా ఉదయము ఏమియు తినకుండా మధ్యాహ్నము వరకు పని చేసే అలవాటు మానండి. నూనె, నెయ్యి పూర్తిగా మానవద్దు, కొద్దిగా వాడండి. సంచి పిండుకోవడానికి ఆ కొద్ది కొవ్వు అవసరము. ఆకుకూరలు, కూరగాయలు, జొన్న, రాగి వంటివి పెంచి, పంచదార, మైదా తగ్గించండి. ఒంటికి పని చెప్పండి. బరువు తగ్గవలెనంటే నెలల మీద నిదానముగా తగ్గండి.

చివరిగా ఇంటి పెద్దలకు ఒక మాట. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది మన ఇంటి స్త్రీలకు. ఇంట్లో అందరికీ వడ్డించి, ఆఖరున తిని, రాత్రి నొప్పి వస్తే లేచి కూర్చొని, తెల్లవారగానే మరల పొయ్యి వెలిగించేవారు వారే. "కోతలు కానీ", "పిల్ల పెండ్లి కానీ" అని నొప్పిని వాయిదా వేస్తారు. అడ్డుపడిన రాయి కోతల కొరకు ఆగదు. మీ అమ్మగారు, మీ భార్య, మీ కోడలు "గ్యాస్ నొప్పి" అని ఎన్నిసార్లు అన్నారో ఈ రాత్రి భోజనము దగ్గర అడగండి. రెండుసార్లకంటె ఎక్కువైతే ఈ వారములోనే స్కానింగుకు తీసుకొని వెళ్లండి.